గడియ, గడియారము, మీట



మన భాషలో గడియ యను మాటకు రెండర్థములు కలవు. ఒకటి 24 నిమిషముల కాలము. రెండవది తలుపునకు వేయునది. ఈ రెంటికి పుట్టుక ఒకటియా, వేరా యను చర్చను వైయాకరణులకు విడిచెదను. కాని నేటి హైదరాబాదున, హైటెక్ సిటీ చుట్టుపట్ల ఇండ్లలో, గోడకు బిగించిన ఒక చిన్న మీట ఈ రెండు గడియలను ఒక్కచోట చేర్చినది. అది కాలమును లెక్కించుచుండును. చెప్పిన వేళ రాగానే కరెంటునకు గడియ తీయును. మరల చెప్పిన వేళకు గడియ వేయును. దీపములు వెలుగును, ఆరును. ఫ్యానులు తిరుగును, నిలుచును. ఇంటివారు లేచి చేయి చాపనక్కరలేదు.

మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతములందలి మేడలలో దీనిని స్మార్ట్ స్విచ్చి యందురు. పిల్లలు సెల్‌ఫోను తెరపై వ్రేలు కదలించి, సాయంకాలము 6-15కు వరండా దీపము వెలుగవలెనని రెండు నిమిషములలో దానికి నేర్పుదురు. నేర్పుట సులభమే. ఏమి నేర్పవలెనో నిర్ణయించుటయే కష్టము. ఏలయనగా, దీపము ఎప్పుడు వెలుగవలెనని చెప్పుట యనగా ఎవరి కాలము ననుసరించి వెలుగవలెనని చెప్పుటయే. సూర్యుని కాలమా, ప్రభుత్వపు కాలమా, సముద్రముల కవతలనున్న యజమాని కాలమా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దాని పూర్వకథ కొంత నేడు మనవి చేసెదను.

కాలమును కొలుచు సాధనములలో మన పూర్వులకు మిక్కిలి పరిచితమైనది ఘటీయంత్రము. అది యొక రాగిగిన్నె. అడుగున సన్నని రంధ్రము. దానిని నిర్మలమైన నీటిపై తేలవిడిచిన, నీరు మెల్లమెల్లగ లోనికెక్కి గిన్నె మునుగును. మునుగుటకు పట్టిన కాలము ఒక గడియ. అహోరాత్రమునకు అది 60 మారులు మునుగవలెనని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. మునిగినప్పుడెల్ల కావలివాడు గంట కొట్టి, గిన్నెను ఖాళీచేసి మరల తేలవిడుచును. గిన్నె మునుగుట యంత్రము పని. దానిని కనిపెట్టి గంట కొట్టుట మనుష్యుని పని. ఈ రెండవ పనిని కూడ యంత్రమున కప్పగించుటకు మానవుడు తరువాత పడిన పాటులే టైమరు చరిత్రము.

మొగలు పాదుషా బాబరు హిందూస్థానమునకు వచ్చినపుడు ఈ ఘడియాలీలను చూచి తన ఆత్మకథలో వారిని వర్ణించెను. రాత్రి నడుమ మెలకువ వచ్చినవానికి గడియల గంట వినబడును గాని అది ఏ జాములోని గడియయో తెలియుట లేదని ఆయనకు తోచినది. గడియల పిదప జాముల గుర్తును కూడ కొట్టుమని ఆజ్ఞ యిచ్చెను. నేటి మాటలలో చెప్పిన, ఉన్న యంత్రమునకు ప్రోగ్రాము మార్చెనన్నమాట.

ఘటీయంత్రము చెడిన కథ యొకటి లోకమున ప్రసిద్ధము. భాస్కరాచార్యుని కుమార్తె లీలావతి వివాహమునకు ముహూర్తము నిర్ణయించి గిన్నెను నీట నుంచిరట. బాలిక వేడుకతో తొంగిచూచుచుండగా ఆమె ఆభరణమునుండి ముత్య మొకటి జారి గిన్నెలో పడి రంధ్రమును మూసెనట. గిన్నె మునుగలేదు, ముహూర్తము దాటిపోయినది. భాస్కరుని గ్రంథమున ఈ కథ లేదు. అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో చేసిన పారశీకానువాదము వలన వ్యాపించినది. చరిత్రగ నేను దీనిని నమ్మను. కాని యంత్రము నిలిచినను, అది నిలిచినదని చెప్పువారు లేనప్పుడు కలుగు చిక్కును ఇంత చక్కగ చెప్పిన కథ మరియొకటి నేనెరుగను.

ఇక రెండవ సంగతి. ఈ గడియలను ఎక్కడినుండి లెక్కించవలెను? సూర్యోదయమునుండి. ఏ యూరి సూర్యోదయము? ఆ యూరిదే. అందుచేతనే పంచాంగకర్తలు రెండు సంస్కారములు చేయుదురు. మధ్యరేఖకు తమ యూరు తూర్పుననున్నదో పడమరనున్నదో చూచి చేయునది దేశాంతరము. అక్షాంశమును, సూర్యుని క్రాంతిని బట్టి పగలు పెరుగుటకు, తరుగుటకు చేయునది చరము. గురువుల యెదుట కూర్చుండి పలకపై చరఖండములు కట్టిన దినములలో, ఈ లెక్క ఎన్నడో గోడమీది మీటలోనికి దూరునని నేను గాని నా సహాధ్యాయులు గాని కలగనలేదు.

దూరినదే! దానికి ఇంగ్లీషున అస్ట్రనామికల్ టైమరని పేరు. దానికి ఊరి అక్షాంశ రేఖాంశములను తెలిపిన చాలును. తారీఖును బట్టి ఉదయాస్తమయములను అదియే గణించుకొని దీపమును వెలిగించును. హైటెక్ సిటీ భూమధ్యరేఖకు ఉత్తరముగ రమారమి 17½ అంశల దూరమున, గ్రీనిచ్‌కు తూర్పుగ 78⅓ అంశలకు కొంచె మెక్కువగ నున్నది. ఇచ్చట పగలు జూన్‌లో సుమారు 13 గంటల 10 నిమిషములు, డిసెంబరులో సుమారు 11 గంటల 5 నిమిషములు. సూర్యాస్తమయము నవంబరు చివర 5-40కి, జూలై మొదట 6-55కు. అనగా సంవత్సరములో గంటంబావు తేడా.

ఇప్పుడు మన పిల్లలు పెట్టిన 6-15ను చూడుడు. నవంబరులో ప్రొద్దుగ్రుంకిన 35 నిమిషముల వరకు దీపము వెలుగదు; మెట్లమీద ముసలివారు తడుముకొనవలసినదే. జూలైలో ఎండ యుండగనే వెలిగి 40 నిమిషములు ఊరక కాలును. ఒక యింట ఇది చిన్నసంగతి. కాని ఒక మేడలో 20 అంతస్తులు, అంతస్తునకు పది దీపములు ఉన్నచో లెక్క మీరే వేసికొనుడు. కావున వరండాకు, మెట్లకు, వాకిటికి గడియారపు వేళ పనికిరాదనియు, అస్తమయము ననుసరించియే పెట్టవలెననియు నా అభిప్రాయము. దీపములు పెట్టు వేళ యని మన స్త్రీలు చెప్పు మాటకు గంటలు నిమిషములు లేవు గదా. అది ఆకాశమును చూచి చెప్పు మాట. దేవుని గూటిలోని నూనెదీపమును మాత్రము మీటకప్పగింప నెవ్వరు కోరలేదు, సంతోషము.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ మీటలకు ఊరు చెప్పనిచో, కొన్ని తమకు తోచిన ఊరిని పట్టుకొనును. ఢిల్లీ అక్షాంశ రేఖాంశములను పెట్టుకొన్న మీట జూన్ చివర హైదరాబాదు దీపమును అరగంట ఆలస్యముగ వెలిగించును. డిసెంబరు మొదట పావుగంట ముందుగ వెలిగించును. కాశీ పంచాంగము చూచి తెలుగునాట ముహూర్తము పెట్టినవాని కేమి గతియో దీనికి నదే గతి.

ఊరిఊరికి వేరు కాలమను పద్ధతి హైదరాబాదున ఎట్లు మారినదో చెప్పవలసి యున్నది. 1874లో వాడినుండి సికిందరాబాదునకు రైలు వచ్చినది. ఆ దినములలో హిందూదేశపు రైళ్లు మదరాసు కాలము ననుసరించెడివి. మన యూరి సూర్యునికి అది ఏడు నిమిషములు ముందు. సూర్యుని నమ్మి స్టేషనునకు పోయినవానికి బండి దాటిపోయెడిది. 1889లో చార్మినారు నాలుగు ముఖములకు గడియారములు పెట్టిరి. 1897లో సికిందరాబాదున గడియారపు స్తంభము ప్రారంభమైనది. అప్పటినుండి కాలమన్నది వినబడు గంటగా గాక, వీధిలో తలయెత్తి చూచు ముఖముగా మారినది. 1901లో నవాబు జఫర్ జంగు ఫిసల్‌బండలో వేధశాలను నెలకొల్పెను. ఆయన గతించిన పిమ్మట 1908లో అది ప్రభుత్వపరమై బేగంపేటకు మారినది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది. నిజామియా వేధశాల యని ప్రసిద్ధమైన ఆ సంస్థ, ప్రపంచ వేధశాలలు కలిసి చేసిన నక్షత్రపటముల మహాకార్యమున ఆకాశమునందు ఒక భాగమును తన వంతుగ గైకొని పూర్తిచేసినది.

1906 జనవరి 1 నుండి దేశమంతటికి ఒకే కాలము ఏర్పడినది. 82½ అంశల రేఖాంశమున సూర్యుడెట్లో, దేశమంతటి గడియారము లట్లు. అది మన యూరి సగటు సూర్యునికంటె 16 నిమిషములు ముందు. మధ్యాహ్నము 12 గంటలని మనమనునప్పుడు హైదరాబాదున సూర్యుడు నడినెత్తికి ఇంకను రాడు. ఒక జాతి ఒక్క గడియారమును చూచి బ్రతుకుటకు చెల్లించిన వెల యది. ఎక్కువ వెల యని నేననను.

కరెంటు సంగతి. హైదరాబాదు రాజ్యమున విద్యుచ్ఛాఖ 1910లో ఏర్పడినది. హుస్సేన్‌సాగరు ఒడ్డున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము 1920లో పని కారంభించినది. అది నేడు లేదు. కరెంటుతో పాటు గోడకు మీట వచ్చినది. అంతకుముందు వీధిదీపమున కొక మనుష్యుడు, నిచ్చెన, నూనెడబ్బా కావలెను. మీట వచ్చిన పిమ్మట వ్రేలు చాలును. కాని ఆ వ్రేలు సాయంకాల మొకమారు, ఉదయ మొకమారు మరువక రావలెను.

ఆ వ్రేలిని తొలగించు ప్రయత్నము విద్యుత్తునకంటె ముందు గ్యాసుదీపములతోనే ఐరోపాలో మొదలైనది. ఇంగ్లండున స్తంభముల తలలో చిన్న గడియారమును పెట్టి, అది గ్యాసు తిరుగుడును తెరచి మూయునట్లు చేసిరి. పిమ్మట సోలార్ డయలను ఒక చక్రమును కూర్చిరి. ఆ యూరి అక్షాంశమునకు తగినట్లు మలచిన ఆ చక్రము దినదినము కొంచెము జరుగుచు, శీతకాలమున ముందుగను వేసవిలో వెనుకగను దీపము వెలుగునట్లు చేసెడిది. మన చరఖండమునే వారు ఇత్తడిలో కోసిరి! విద్యుద్దీపములకు కూడ ఈ చక్రమునే వాడుకొనిరి.

1916లో అమెరికాలో హెన్రీ వారెన్ అను నతడు వేరొక మార్గము కనిపెట్టెను. తీగలలోని కరెంటు సెకనునకు ఇన్నిమారులని దిశ మార్చుకొనుచుండును. మన దేశమున 50 మారులు. విద్యుత్కేంద్రమువారు ఆ సంఖ్యను తప్పకుండ నిలిపిన, దానితో అడుగు కలిపి తిరుగు చిన్న మోటారే గడియారము కాగలదు. స్ప్రింగు లేదు, తాళముచెవి లేదు. టైమరులు దీనివలన చౌకయైనవి. దీని లోపము మన తెలుగువారికి చెప్పనక్కరలేదు. కరెంటు పోయిన అదియు నిలుచును. ఎంతసేపు పోయినదో అంత వెనుకబడును. వేసవి కోతలలో దినమునకు రెండు గంటల చొప్పున పోయినచో, వారమునకు రాత్రికి వెలుగవలసిన దీపము మరునాటి ఉదయమున వెలుగును. పట్టపగలు వెలుగు వీధిదీపమును చూచి పంచాయతీవారిని తిట్టిన మనము, ఆ గడియారము ఎన్నిమారులు నిద్రపోయి లేచినదో ఎరుగము.

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబర్ టవర్సును ప్రారంభించిరి. రాళ్లు, సీతాఫలపు చెట్లు ఉన్నచోట గుండ్రని అద్దాల మేడ లేచినది. ఆ పిమ్మట పుట్టిన పేరే సైబరాబాదు. అద్దాల మేడలలో ఎండ ఎంత యున్నను దీపములు, ఫ్యానులు, శీతలయంత్రములు నడచుచునే యుండును. ఇది కూడదని చూపుటకు అచ్చటికి సమీపముననే పరిశ్రమల సమాఖ్యవారి గ్రీన్ బిజినెస్ సెంటరును కట్టిరి. 2004 జూలైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించిరి. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం అను ఉత్తమశ్రేణిని మొదట పొందిన కట్టడమది. నడుమ పెరడు విడిచి, గదులలో చాల భాగమునకు పగటి వెలుగు వచ్చునట్లు కట్టిరి. మన పాత మండువాయింటి యుక్తియే యది, గుర్తించిన చాలును.

కేంద్రప్రభుత్వము 2007లో కట్టడముల విద్యుత్పొదుపు నియమావళిని వెలువరించినది. 500 చదరపు మీటరులు మించిన కట్టడములలో దీపములను తమంత తామే ఆర్పు సాధన ముండవలెననియు, వెలుపలి దీపములను వెలుగును కనిపెట్టు సెన్సారు గాని, అస్ట్రనామికల్ టైమ్ స్విచ్చి గాని నడపవలెననియు అందు వ్రాసిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో దీనిని పెద్ద కట్టడములకు నియమముగ జేసినది. ఈ విధముగ చరసంస్కారము ప్రభుత్వపు ఉత్తరువులలోనికి ప్రవేశించినది. దానికి మన పేరు వ్రాయలేదని పండితులు అలుగనక్కరలేదు. 2017నుండి నగరపు వీధిదీపములను ఎల్‌ఇడి దీపములుగ మార్చి, వానిని కూడ దూరమునుండి వెలిగించి ఆర్పు పెట్టెలను అమర్చిరి.

ఇక ఇండ్లలోని మీట. దాని పని తెలిసికొనదగినది. మామూలు మీటకు ఒక్క ఫేజు తీగ చాలును. న్యూట్రల్ తీగ పైకప్పులోనుండి తిన్నగ దీపమునకు పోవును. స్మార్ట్ మీట తానును కరెంటు త్రాగవలెను గనుక దానికి న్యూట్రల్ తీగ కూడ కావలెను. పాత యిండ్ల బోర్డులలో చాలచోట్ల ఆ తీగ యుండదు. కొని తెచ్చిన పిమ్మట ఎలక్ట్రీషియను చెప్పునప్పుడే ఈ సంగతి తెలియుచున్నది. దీపమును మందగింపజేయు మీటతో ఫ్యానును నడపరాదు. మోటారు మూలుగును, వేడెక్కును. ఫ్యానునకు తగినదానినే అడిగి తీసికొనవలెను.

కరెంటు పోయి వచ్చినపుడు మీట యే స్థితిలో నుండవలెనో ముందే చెప్పియుంచవలెను. లేనిచో ఎవరును లేని యింట దీపములన్నియు వెలిగి సెలవులన్నాళ్లు కాలవచ్చును. మరియొకటి. ఈ మీటలు పెక్కింటిలో గడియారమునకు వేరుగ బ్యాటరీ లేదు. వైఫై దొరికినప్పుడే వేళను అడిగి తెలిసికొనును. కరెంటు వచ్చినను ఇంటర్నెట్టు రాకున్న దానికి ఇప్పుడు పగలో రాత్రియో తెలియదు. రౌటరును ఇన్వర్టరునకు కలిపియుంచుట మేలు.

లీలావతి ముత్యము వంటి సంఘటన ఇటీవల అమెరికాలో జరిగినది. ఇన్‌స్టియాన్ అను కంపెనీ 2022 ఏప్రిల్‌లో ముందుగా చెప్పకయే తన సర్వర్లను ఆపివేసినది. వ్రేలితో నొక్కిన మీట పలుకుచునే యున్నది గాని, సెల్‌ఫోను చెప్పిన మాట వినదయ్యెను. కొన్నవారికి తమ దీపముల పెత్తనము తమ యింట లేదని అప్పుడు తెలిసినది. కొన్నివారముల పిమ్మట వాడుకరులలో కొందరు చేరి ఆ వ్యాపారమును కొని మరల నడిపించిరి. కావున నేను కోరునది, వేళల పట్టిక మీటలోనే భద్రమైయుండునట్టి మీట. దుకాణములో ధర అడుగుటకు ముందు ఇది అడుగవలెను.

చివరకు ఈ నగరమునకే ప్రత్యేకమైన చిక్కు. సైబరాబాదు కచ్చేరీలలో న్యూయార్కు కాలమున పనిచేయువారు వేలకొలది. అచ్చటి ఉదయము 9 గంటలు వేసవిలో మనకు సాయంకాలము 6-30, శీతకాలమున 7-30. అట్టి యువకుడొకడు మా మేడలో నన్నడిగెను: "మాస్టారూ, మా అమ్మకు సంధ్యవేళ దీపము కావలెను, నాకు పగలు పండ్రెండువరకు చీకటి, ఫ్యాను కావలెను. ఒక్క యింటికి రెండు పట్టికలు పెట్టవచ్చునా?" పెట్టవచ్చును, పెట్టితిమి. వరండాకు, హాలుకు సూర్యుని కాలము. అతని గదికి న్యూయార్కు కాలము. తల్లి దీపము దినదినము నిమిషమో అరనిమిషమో జరుగును. అతని ఫ్యాను సంవత్సరమునకు రెండుమారులు, ఒక్కొక్క గంట చొప్పున జరుగవలెను.

ఎందుకనగా అమెరికావారు వేసవిలో గడియారములను ఒక గంట ముందునకు త్రిప్పుదురు. ఈ ఆచారము జర్మనీలో 1916లో, అమెరికాలో 1918లో వచ్చినది. సాయంకాలమున దీపములు తక్కువ కాల్చవలెననియే దాని ఉద్దేశము. యుద్ధకాలమున మన దేశమందును 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు గడియారములను ఒక గంట ముందునకు త్రిప్పియుంచిరి. అమెరికాలో 2005లో చేసిన శక్తివనరుల చట్టము, 2007నుండి, ఆ గంటను మార్చి రెండవ ఆదివారమున మొదలుపెట్టి నవంబరు మొదటి ఆదివారమున ముగించుచున్నది. అది కూడ కరెంటు పొదుపు కొరకే. ఆ చట్టము చేసినవారికి కొండాపురములోని ఒక గదిలో ఫ్యాను ఆగు వేళ మారునని తోచియుండదు. నవంబరులో ఆ యువకుడు తెల్లవారి 3-30కి బదులు 4-30కి పని ముగించును. అతని ఫ్యాను పండ్రెండింటికి గాక ఒంటిగంటకు ఆగునట్లు సవరించవలెను. తల్లి దీపమును మాత్రము ముట్టనక్కరలేదు.